నది అవతలి కోడలికి తల్లి మొక్క

నఖోన్ ఫనోమ్ జిల్లా, బాన్ నాఖమ్ గ్రామం, మెకాంగ్ నది గట్టు మీది ఇంట్లో కాపురమున్న, కీర్తిశేషులు ఖమ్‌పాన్ సీహావోంగ్ గారి భార్యనైన ఫికున్ సీహావోంగ్ అనే నేను, ఎవరి చేతా రాయించకుండా నా చేత్తోనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి గాని బుర్ర ఇంకా వింటోంది. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఎవరూ బుజ్జగించలేదు. ఆరోగ్య కేంద్రంలో మూలికా వైద్యం చూసే డాక్టర్ ద్వాంగ్‌ఫర్ నన్ను పరీక్షించి, నా చిత్తం స్థిమితంగా ఉందని ఇచ్చిన కాగితం దీనికి జతపరిచాను. గంజాయి పెంచే ముసలమ్మ మత్తులో ఏదో గీకిందని రేపెవరూ అనడానికి వీల్లేదు. ఆ మొక్క ఆకు మా ఇంట కోడి పులుసులోకి పోతుంది, పువ్వు డాక్టరు చీటీ ఉన్న రోగికి పోతుంది. పొగ నేను ఎరగను.

ఇంతకు ముందు నేను రాసిన కాగితాలు గాని, పండగ భోజనాల దగ్గర నోరు జారి ఇచ్చిన మాటలు గాని ఇకమీదట చెల్లవు.

1. ఇల్లు, ఇల్లున్న స్థలం, వెనక గట్టుదాకా ఉన్న తోట నా మనవరాలు నిసారత్‌కు, అంటే మేము ఫాంగ్ అని పిలుచుకునే పిల్లకు, నా తదనంతరం సర్వహక్కులతో చెందాలి. ఇవి నా భర్త స్వార్జితం, ఆయన బతికుండగానే నా పేర పెట్టినవి. ఇందులో ఆయన అన్నదమ్ములకు భాగం లేదు. పిల్ల మేజరయ్యేదాకా తల్లే సంరక్షకురాలు. అప్పటిదాకా కోర్టు అనుమతి లేకుండా అమ్మకం గాని తనఖా గాని జరగకూడదు.

2. నా కోడలు మణిచన్ నది అవతల థాఖేక్‌లో పుట్టింది, లావోస్ పౌరురాలు. మన దేశపు చట్టం పరాయి దేశస్థురాలని ఆమె పేర నేల రాయనివ్వదు. కనుక పై ఇంట్లో ఆమె బతికినంతకాలం నివసించడానికి, తోట ఫలసాయం అనుభవించడానికి హక్కు ఇస్తున్నాను. దీన్ని భూమి కార్యాలయంలో పట్టా మీద నమోదు చేయించాలి. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఈ హక్కు పోదు. ఈ వాక్యం కొట్టేయమని నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. కొట్టేయను. చేసుకోవాలనే నా కోరిక.

ఎందుకింత గట్టిగా రాస్తున్నానో చెప్పాలి. ఇసుక పడవ మీద పనిచేసే నా కొడుకు ఆతిత్ వరద రోజుల్లో నదిలో పోయాడు. వాడి పేర భిక్షువులకు భోజనాలు పెట్టిన రోజున, అందరూ తింటుండగా, నా మరిది సుబాన్ నోరు తెరిచాడు.

"వదినా, వాడే పోయాక ఆ అవతలి పిల్లకి ఇక్కడేం పని? పడవెక్కించి పంపెయ్. ఫాంగ్‌ని మనం చూసుకుందాం."

"ముందు నువ్వు చేతులు కడుక్కుని లే మరిదీ. ఎవరు ఎక్కడికి పోవాలో తర్వాత చూద్దాం" అన్నాను నేను.

మణిచన్ పక్కనే గిన్నెలు తోముతోంది. విననట్టే తోమింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పెరట్లో ఆతిత్ పెట్టిన గంజాయి మొక్క ముందు గొంతుక్కూర్చుని ఉంది.

3. ఆ మొక్క గురించి. సర్కారు ఇళ్ళలో పెంచుకోనిచ్చాక, వాడు ఎవరి దగ్గరో గింజలు తెచ్చి మొలిపించాడు. గింజ మొక్కలు దేని దారి దానిదే. కొన్ని మగవి, పీకేశాం. కొన్ని పీలగా పెరిగాయి. ఒకటి మాత్రం ఘుమ్మని, మామిడి తొక్కా తులసీ కలిపి నలిపినట్టు వాసన వేసేది. "అమ్మా, ఇది నా బంగారుతల్లి" అనేవాడు. అయితే ఆ జాతి మొక్క ఒక్కసారి పూసి ఎండిపోతుంది. వాడు పోయేనాటికి పొద్దు తగ్గుతోంది, పూత రోజులు దగ్గర పడుతున్నాయి. పూసిందంటే వాడి చెయ్యి పడ్డ చివరి పచ్చదనం కూడా పోయినట్టే. అందుకని మణిచన్ దాని కొమ్మల చివర్లు కోసి వేరు పట్టించాలని కూర్చుంది.

మొదటిసారి పెట్టిన ముక్కలన్నీ తలలు వాల్చేశాయి. రెండోసారి పెట్టినవి అడుగున కుళ్ళిపోయాయి. నేను కడుపుకోతలో ఉన్నాను. "పోయినవాణ్ణి కొమ్మలు విరిచి నిలబెడతావుటే?" అన్నాను.

"నిలబెట్టలేను అత్తా. ఆయన పెట్టింది నా కళ్ళముందు ఎండిపోతుంటే మాత్రం చూస్తూ కూచోలేను" అంది. అని, చెమ్మగిల్లిన కళ్ళతోనే ఆరోగ్య కేంద్రానికి నడిచి వెళ్ళింది.

డాక్టర్ ద్వాంగ్‌ఫర్ చెప్పినవి పెద్ద మంత్రాలేమీ కావు. కత్తెర మరిగించిన నీళ్ళలో కడగమంది. ముక్కల మీద గాజు సీసా బోర్లించి తడి ఆరకుండా చూడమంది. ఎండ తగలని చోట పెట్టి ఊరికే కదిలించొద్దంది. మణిచన్‌కి ఆ చివరిది చాలా కష్టమైంది, గంటకోసారి వెళ్ళి చూసేది. మూడోసారికి ఇసుకలోంచి తీసిన ముక్క అడుగున తెల్లగా, పాపాయి వెంట్రుకల్లా వేళ్ళు కనిపించాయి. మణిచన్ కేక పెట్టిన తీరుకి ఇల్లు అంటుకుందేమోనని నేను పరిగెత్తాను. పరిగెత్తాను అంటే నా మోకాళ్ళతో ఎంత వీలైతే అంత.

"ఇది ఆ మొక్క పిల్ల కాదు ఫికునమ్మా, ఆ మొక్కే. ఇంకోచోట మళ్ళీ నిలబడింది. క్లోన్ అంటారు" అంది డాక్టరమ్మ. ఆ మధ్యాహ్నం, కొడుకు పోయాక మొదటిసారి, నేను అన్నం ముద్ద రుచి తెలిసి తిన్నాను.

మరుసటి వానాకాలం నది ఇంట్లోకే వచ్చింది. సుబాన్ పడవ వేసుకుని మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. రాలేదని అబద్ధం రాయను. మణిచన్ టీవీ నీళ్ళకు వదిలేసి, కుండీలు పెట్టిన పళ్ళెం నెత్తిన పెట్టుకుని రొమ్ముల లోతు నీళ్ళలో వస్తోంది.

"ఏయ్ పిల్లా! టీవీ వదిలేసి గడ్డి మోస్తున్నావేంటే? పిచ్చి గానీ పట్టిందా?" అని అరిచాడు.

"టీవీ బజారులో ఇంకోటి దొరుకుతుంది చిన్నమామయ్యా. కాస్త పడవ ఒరగకుండా పట్టుకోండి" అంది.

ఆతిత్ పెట్టిన మొక్క అంతకు ముందే పూసి ఎండిపోయింది, దాని కొమ్మ నాటితే పెరట్లో పెద్దదైన మొక్క ఆ బురదలో కుళ్ళిపోయింది. ఇప్పుడు మా అరుగు పక్కన ఉన్న తల్లి మొక్క ఆ నెత్తి మీద కుండీల్లోంచి ఎదిగిందే. రాత్రిపూట దీపం పెట్టి దాన్ని పూతకు రానివ్వం. ఈ ఊళ్ళో డాక్టరమ్మ నడిపే మూలికల పెంపకం సంఘంలో ఎవరింట ఆ వాసన వచ్చినా అది మా ఇంటి కొమ్మే.

కాబట్టి ఆ తల్లి మొక్క, దాని నుంచి వేరు పట్టిన, పట్టబోయే మొక్కలన్నీ, గాజు సీసాలు, కత్తెరలు, వాటిపై నీడ పందిరి మణిచన్‌కు చెందాలి. ఆమె సంఘం అనుమతి కాగితం ఏటా తప్పకుండా కొత్తది చేయించుకోవాలి. వైద్యుడి చీటీ లేనివాడికి పువ్వు ఇవ్వకూడదు, వాడు ఆలయ కమిటీ పెద్దయినా సరే. ఫాంగ్‌ని, ఫాంగ్ స్నేహితుల్ని ఆ పందిరి దగ్గరికి రానివ్వకూడదు. రేపు చట్టం మళ్ళీ వద్దంటే పీకేయాలి. పీకేసి ఏడుస్తూ కూర్చోకూడదు. ఆతిత్ ఆ మొక్కలో లేడని నాకూ తెలుసు, మణిచన్‌కీ తెలుసు. వేరు పట్టించడం నేర్చిన చెయ్యి మిగులుతుంది కదా, అది మల్లెకైనా పనికొస్తుంది.

4. నా మరిది సుబాన్‌కు నేను ఏమీ రాయడం లేదు. కోపంతో కాదు. కోపం ఉండేది, చాలా ఉండేది. సర్కారు నిబంధనలు బిగించాక, మాకు అనుమతి కాగితం ఉన్నా, "పోలీసులొస్తారు, పీకెయ్ వదినా" అని వీధిలో అందరికీ వినపడేలా అరిచాడు. తర్వాత ఆయన భార్య వన్‌ఫెన్‌కు కడుపులో గడ్డ తేలింది. మందుల దెబ్బకు మెతుకు లోపలికి పోయేది కాదు. ఒకనాడు సుబాన్ మా వంటగది గుమ్మం దగ్గర టోపీ చేత్తో నలుపుకుంటూ నిలబడ్డాడు. నన్ను చూడలేదు, మణిచన్‌నే అడిగాడు.

"అమ్మాయ్... ఆ కోడి పులుసు... మీ చిన్నత్త తింటుందేమోనని."

నేనైతే ఆ భోజనాల రోజు మాట గుర్తుచేసి పంపేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చింది. మణిచన్ పొయ్యి మీద నీళ్ళు పెట్టి, "కూర్చోండి చిన్నమామయ్యా. ఆవిడ మందులతో ఈ ఆకు పడుతుందో లేదో డాక్టరమ్మని అడిగొస్తా" అని గొడుగు తీసుకుంది. ఆమె తిరిగొచ్చేదాకా మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని మరుగుతున్న నీళ్ళను చూశాం. డాక్టరమ్మ కుండకు ఒక్క లేత ఆకు చాలని చెప్పి పంపింది.

వన్‌ఫెన్ ఆ పూట తిన్నది. ఇంకొంచెం అన్నం అడిగిందట. ఆకు వల్లో, నిమ్మగడ్డి వల్లో, వండిన చేతి వల్లో నాకు తెలియదు. ఆకు జబ్బు కుదిర్చిందని రాయను. రాస్తే డాక్టరమ్మ దీని మీద సంతకం పెట్టదు. ఆస్పత్రి వైద్యం ముగిసి వన్‌ఫెన్ ఇప్పుడు తన కాళ్ళ మీద బజారుకు పోతోంది. నాకు అది చాలు.

సుబాన్‌ని సాక్షిగా పిలిచాను. సాక్షికీ, సాక్షి భార్యకూ వీలునామాలో ఏదీ చెందదట. అందుకని వన్‌ఫెన్‌కు ఇవ్వాలనుకున్న నా పులుసు కుండ నిన్ననే స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చాను. దాని చెవి ఒకటి విరిగి ఉంది. గుడ్డతో పట్టుకోవాలి.

5. నా వెండి మొలతాడు, మగ్గం మీద నేసుకున్న పట్టు పావడాలు ఫాంగ్‌కు. అవి ఇప్పుడు పొడుగు. కురచ చేయొద్దు, పిల్ల ఎదుగుతుంది. ఆతిత్ నీలం చొక్కా మణిచన్ తన దిండు కింద పెట్టుకుంటుందని నాకు తెలుసు. అది నా ఆస్తి కాదు గనుక రాయడానికి లేదు, అయినా ఎవరూ దాన్ని ఉతక్కూడదు.

6. నా అంత్యక్రియలకు జనం వస్తే కోడి పులుసు పెట్టండి. కుండకు ఒకే ఆకు, వచ్చిన ప్రతివాడికీ అందులో ఏముందో ముందే చెప్పండి. పిల్లలకు, గర్భిణులకు ఉత్త పులుసు వేరే వండండి. లావోస్ నుంచి మణిచన్ తల్లిని పిలిపించి, నా వైపు చుట్టాల వరుసలోనే కూర్చోబెట్టండి.

7. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మణిచన్‌దే. చదువు తక్కువ, భాష యాస వేరు అని ఎవరైనా అడ్డం వస్తే నా సంతకం చూపించండి.

ఇప్పుడే పందిరి కింద ఆమె కొత్త ముక్కలకు సీసాలు బోర్లిస్తోంది. ఆతిత్ పాడుతూ ఉండే పడవ పాట సన్నగా కూనిరాగం తీస్తోంది. తనకు తెలియకుండానే తీస్తోందనుకుంటా. నేను పిలవలేదు.

బౌద్ధ శకం 2568, అక్టోబరు పద్దెనిమిది, శనివారం, బాన్ నాఖమ్.

(సంతకం) ఫికున్ సీహావోంగ్

సాక్షులు:

1. డాక్టర్ ద్వాంగ్‌ఫర్, ఆరోగ్య కేంద్రం, మూలికా వైద్య విభాగం. ఈమె నా ఎదుట, పూర్తి తెలివితో సంతకం చేశారు.

2. సుబాన్ సీహావోంగ్, మరిది. అంతా చదివాను. నా గురించి రాసింది నిజమే. నాకేమీ వద్దు వదినా. కాని ఆ వేళ్ళు ఎలా పట్టించాలో మణిచన్ నాకు నేర్పాలని ఎక్కడా రాయలేదు. రేపు పొద్దున రావచ్చునా అని అడిగి చెప్పు.