తెమడ డబ్బా

నస్పూర్, 4-11-87

దగ్గుల దిట్ట మా బావ హనుమండ్లుకు, బామ్మర్ది రాజం రెండు చేతులు జోడించి రాసేది.

బావా, నీ బిడ్డ, నా కోడలు దేవవ్వకు ఆడపిల్ల పుట్టింది. నా కొడుకు ముక్కు, నీ నొసలు. తల్లీపిల్లా మంచిగున్నరు. భూమక్క ఇక్కడే ఉంది. నీకు వండిపెట్టేటోళ్లు లేరని జరంత కూడా ఫికర్ చేస్తలేదు.

ఇగ అసలు ముచ్చట. దసరా ముందటి సంది నువ్వు దగ్గుతున్నవు. చెన్నూరు దవాఖానల టీబీ పరీక్ష చేయించుకో. ఏం లేదన్నంకనే పచ్చి బాలింత ఇంట్ల కాలు పెట్టు. అప్పటిదాక మనుమరాలిని ముట్టనియ్య.

నీ మంచి కోరే
రాజం

తా.క. నువ్వూ దగ్గుతవు గదా అంటవేమో. నాది దగ్గు కాదు, బొగ్గు దుమ్ము. బొగ్గుబాయిల పనిచేసి ఆరితేరిన ఛాతి నాది.

చెన్నూరు, 9-11-87

కొత్తగా డాక్టరైన రాజం గారికి, రోగి హనుమండ్లు దండాలు.

నా మనుమరాలిని నేను ముట్టొద్దా? నీ ఉత్తరం చదివితే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రాత్రి బువ్వ గొంతు దిగలే. అది నేనే వండుకున్న బువ్వ, అదొకటి.

దవాఖానకు పోయిన. కంపౌండర్ ఒక డబ్బా ఇచ్చి, పొద్దుగాల లేవంగనే తెమడ పట్టి తెమ్మన్నడు. నమూనా చూస్తరట. నమూనా సంగతి నాకు చెప్పాల్నా? పుట్టినప్పటి సంది పత్తి పండిస్తున్న. ఏ రైతన్న బండి అడుగున ఉన్న పుచ్చుపత్తి తీసి సేటుకు చూపిస్తడా? తెల్లటిది, మంచిది చూపిస్తడు. నేనేం తక్కువ తినలే.

శనివారం వచ్చి పో. పిల్లకు వెండి కడియాలు, బాలింతకు నెయ్యి పంపుత.

నీ బావ
హనుమండ్లు

తా.క. రాత్రి ఉండాలె. ఆదివారం పొద్దుగాల లేవంగనే ఉరుకకు, నీతోని పనుంది.

నస్పూర్, 24-11-87

బావకు రాజం దండం పెట్టి, దూరంగ నిలబడి రాసేది.

ధైర్యం చేసుకో బావా. నీ డబ్బాల టీబీ దొరికిందని కంపౌండర్ బస్సుల కలిసి చెప్పిండు. నేను చెప్తే ఇన్నవా? ఇగ మందులు మింగు, ఇటు దిక్కు రాకు. భూమక్క ఒక్కతీరుగ ఏడుస్తుంది. నీ ఇంట్ల పండిన పాపానికి నన్ను గూడ పరీక్ష చేయించుకొమ్మన్నడు. నాకెందుకు? నీ వంతు గూడ పిల్లను నేనే ఎత్తుకుంటున్న, రంది పెట్టుకోకు.

రాజం

తా.క. నువ్వు పంపిన కడియాలు ఉడుకునీళ్లల్ల మరగబెట్టినం. నెయ్యి మరగబెట్టలే, రుచి పోతదని అట్లనే తిన్నం.

చెన్నూరు, 28-11-87

రాజం, పిల్లను కింద పండబెట్టి ఈ ఉత్తరం చదువు.

డబ్బాల ఉన్నది నాది కాదు, నీది. ఆదివారం పొద్దుగాల నువ్వు దగ్గుతుంటే, వాకిట్ల ఉమ్మకు, గిండ్ల ఉమ్మని డబ్బా పట్టిన గదా! బాయిల ఆరితేరిన ఛాతి, ఇంతకంటె మంచి నమూనా ఏడ దొరుకుతది అనుకున్న. రోగం దొరికిందనంగనే భయమై డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పిన. తిట్టరాని తిట్లు తిట్టి, ఎదురుంగ నిలబడి నాది పట్టిచ్చిండు, ఛాతి ఫోటో గూడ తీయించిండు. నాకేం లేదు, బీడీల దగ్గట.

నవ్వొస్తుంది రాజం, గుండె గూడ దడదడ అంటుంది. నువ్వు లేకుంటె నన్ను సతాయించేటోడెవడు? మందులతోని తగ్గుతదని డాక్టర్ చెప్పిండు. ఇయ్యాల్నే దవాఖానకు పో. ఇంట్లోళ్లందరికీ, ముందుగాల పిల్లకు, చూపియ్యి. గురువారం నేనొచ్చి మనుమరాలిని ఎత్తుకుంట. నువ్వు దర్వాజ అవుతల నిలబడి చూడు.

నీ బావ
హనుమండ్లు

తా.క. నీకిచ్చే డబ్బాల నీదే పట్టియ్యి. నీకంటె మంచి ఛాతి ఉన్నోడు దొరుకుతడా అని ఊరంత తిరుగకు.