అయిదో లాగిన్

ప్రియమైన చిన్నీకి,

ఫోన్‌లో మాట్లాడుకుంటే రెండో నిమిషానికి మనిద్దరికీ గొడవవుతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కాగితం ఎదురు చెప్పదు.

ముందే చెప్పేస్తున్నాను, నాకు కుళ్ళుగా ఉంది. మనిద్దరి కట్టుడుపళ్ళ ల్యాబ్‌లకీ ప్లాస్టర్ తెచ్చే ఆయన మొన్న వచ్చాడు. నా బల్ల మీద చీటీల గుట్ట చూసి, "ఇంకా చీటీలేనా అమ్మా? మీ చెల్లెలుగారి దగ్గర అన్నీ కంప్యూటరే. పళ్ళ డాక్టరు ఆర్డర్ పంపగానే ఎవరి పని వాళ్ళకి అదే పంచుతుంది. సెట్టు తయారవగానే డాక్టరుకి మెసేజ్ కూడా అదే కొడుతుంది. అసలు అక్కడ అరుపులే లేవు" అన్నాడు. నా అరుపులు వీధి చివరికి వినిపిస్తాయని ఆయన భావం.

పోయిన వారం ఒక చీటీ ఫ్యాన్ గాలికి ఎగిరి తడి ప్లాస్టర్‌లో పడింది. పళ్ళ రంగు నంబరు చెరిగిపోయింది. అందాజుగా చేసి పంపాను. రిటైరైన టీచరమ్మ ఒకావిడకి ముందు పళ్ళు రెండూ సున్నం వేసిన గోడలా వచ్చాయి. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోందట.

పని మనిద్దరికీ అమ్మే నేర్పింది. తన ల్యాబ్ మూసేసినప్పుడు పనిముట్లు సగం సగం పంచింది కానీ, తను మాత్రం నీతో వెళ్ళిపోయింది. పదకొండు మంది డాక్టర్ల ఆర్డర్లు చీటీ చూడకుండా అప్పజెప్పే మనిషి నీ దగ్గరుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేరూ నీకేనా?

ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు నా దగ్గరికీ వచ్చాడు. "రోజుకో కాఫీ ఖర్చు మేడమ్" అంటాడు. నాకు కాఫీ లెక్కలు వద్దు. నీకు నెలకి ఎంత పడుతోందో రాయి.

కళ్ళలో నిప్పులు పోసుకుంటున్న
అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. చిన్నప్పుడు నా రిబ్బన్ చూసినా ఓర్చేదానివి కాదు. ఇప్పుడు సాఫ్ట్‌వేరా!

ఖర్చు ఏమంత కాదు. మనిషికొకటి చొప్పున, ఒక్కో లాగిన్‌కి నెలకింత అని కట్టాలి. అయిదు తీసుకున్నాను. అన్నీ కలిపి ఒక పనివాడి జీతంలో ఆరో వంతు. దానికి నాకేం దక్కిందో విను. ఆరింటికల్లా ఇంటికి వెళ్తున్నాను. ఏ సెట్టు ఏ బల్ల మీదుందో స్క్రీన్ చూస్తే తెలుస్తుంది. ఆర్డర్ వివరాలు సరిపోయినా, పని పూర్తయినా పక్కన ఆకుపచ్చ గుర్తు పడుతుంది. రెండు నెలల్లో ఒక్క చీటీ కూడా పోలేదు. అసలు చీటీలే లేవు కదా!

అమ్మ బాగానే ఉంది. ఇన్నేళ్ళకి విశ్రాంతి దొరికింది.

నువ్వు కొంటావో కొనవో నీ ఇష్టం. కొనకపోతే మాత్రం వెనకబడతావు.

నీ
చిన్ని

*

ప్రియమైన చెల్లాయికి,

వెనకబడతానా? పదిహేను రోజులు ఉచితంగా వాడుకోమంటే తీసుకుని వాడాను. నీ ఆరో వంతు సంగతి ఇప్పుడు నేను చెబుతాను.

డాక్టర్ల పేర్లు, రేట్లు, ఎవరికి ఎలాంటి పని కావాలో అంతా దాంట్లోకి ఎక్కించడానికి నా దగ్గరున్న మంచి పనివాడికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ అతను ఒక్క సెట్టు ముట్టలేదు. అతని జీతం ఎవరి ఖాతాలో వెయ్యాలి? మెసేజ్‌లు నెలకి ఇన్ని దాటితే వేరే రేటు. బిల్లుల ప్రోగ్రామ్‌తో కలపాలంటే ఇంకో రేటు. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు, కానీ మధ్యలో మానేస్తే చిల్లిగవ్వ వెనక్కి రాదు. అంతా కూడితే మొదటి ఏడాది నీ ఆరో వంతు కాస్తా మూడో వంతయింది.

లాభం లేదనను. రోజుకి గంటన్నర నాకు మిగులుతుంది. నెలకి రెండు సెట్లు మళ్ళీ చేసే బాధ తప్పుతుంది. ఏడో నెల నుంచి గిట్టుబాటవుతుంది. ఇదంతా నువ్వు నాకు చెప్పి ఉండాల్సింది. నీకు మంచి మాట మాత్రమే చెప్పే జబ్బు ఉంది.

ఇంకొకటి అడుగుతాను. నీ దగ్గర పనివాళ్ళు ముగ్గురు. నువ్వొకదానివి. మొత్తం నలుగురు. అయిదో లాగిన్ ఎవరికి కొన్నావు?

అమ్మకి ఫోన్ చేస్తే "బాగున్నానే" అని పెట్టేస్తోంది. ముందయితే ఏ డాక్టరు ఏమన్నాడో అరగంట చెప్పేది. నా మీద ఏం నూరిపోశావు? అమ్మని కూడా నాకు కాకుండా చేస్తున్నావా?

అక్క

*

అక్కా,

ఈసారి నవ్వు రాలేదు. అయిదోది అమ్మకి కొన్నాను. అమ్మ దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

నీకు చెప్పనిది ఇదే. అమ్మ పొద్దున్నే డాక్టర్లందరికీ ఫోన్ చేసి ఆర్డర్లు రాసుకునేది. ఆ పని సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిపోయింది. "స్క్రీన్ చూడమ్మా, ఇక్కడ నొక్కు" అని నేర్పబోయాను. నాకు ఓపిక తక్కువని నీకు తెలుసు కదా. నాలుగో రోజు "నీకు రాదులే, వదిలెయ్" అన్నాను. అప్పట్నుంచి రోజూ వచ్చి మూల కుర్చీలో కూర్చుని, తుడిచిన ట్రేలనే తుడిచేది. నేను చూసి కూడా చూడనట్టు ఉన్నాను.

పోయిన నెల, నాకు అందరికంటే ఎక్కువ పని పంపే డాక్టరమ్మ దగ్గర్నుంచి ఒక ఆర్డర్ వచ్చింది. యాభై ఏళ్ళ వకీలుకి కింది దవడ పళ్ళ సెట్టు. అమ్మ ప్లాస్టర్ అచ్చు చేతిలోకి తీసుకుని వేలితో తడిమి, "ఇది ఆయనది కాదే. ఎముక అరిగిన తీరు చూడు, ఎనభై దాటిన మనిషి దవడ ఇది. ఒకసారి ఫోన్ చేసి కనుక్కో" అంది. పనివాళ్ళందరి ముందూ నేను, "స్క్రీన్ మీద అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి కదమ్మా. ప్రతిదానికీ ఫోన్ చేస్తూ కూర్చుంటే ఇంత పెట్టి ఇది కొన్నదెందుకు?" అన్నాను.

సెట్టు చేసి పంపాం. క్లినిక్‌లో ఇద్దరి అచ్చులు తారుమారయ్యాయి. మర్నాడు పొద్దున కోర్టులో వాదించాల్సిన వకీలు నోట్లో అది నిలబడనే లేదు. డాక్టరమ్మ నాకు పని పంపడం మానేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

అమ్మ ఒక్కసారి తిట్టినా బాగుండేది. నిన్న బట్టలు సర్దుకుని "పెద్దదాని దగ్గరికి వెళ్తున్నా" అంది. ఈ ఉత్తరం కంటే ముందే నీ గుమ్మంలో ఉంటుంది.

ఇంత చెప్పాక ఇంకొకటి దాచడమెందుకు? నేను ఆ సాఫ్ట్‌వేర్ కొన్నది నీ మీద కడుపుమంటతోనే. అమ్మ రోజూ అన్నం దగ్గర, "పెద్దదయితే ఇంత నున్నగా రుద్దేది, పెద్దదయితే ఇలా వదిలేది కాదు" అనేది. పని చేసేది నేను, పేరు నీది. నీకు లేనిది ఒకటి నా దగ్గర ఉండాలనుకున్నాను. ఇప్పుడు అమ్మ కూడా నీకే దక్కింది. సంతోషమేనా?

చిన్ని

*

ప్రియమైన చిన్నీకి,

సంతోషమే. అబద్ధమెందుకు చెప్పాలి? అమ్మ సంచితో గుమ్మంలో దిగగానే నా సంతోషానికి ఇల్లు సరిపోలేదు. వీధిలో కనపడ్డ వాళ్ళందరికీ "మా అమ్మ వచ్చింది, నా దగ్గరే ఉంటుంది" అని చెప్పాను. నీకు ఇక్కడినుంచి ఫొటో పంపుదామని కూడా అనుకున్నాను. అంత నీచురాలిని.

అయిదో రోజు అమ్మ నా లెక్కల కాగితం అడిగింది. కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివి, "తప్పు పట్టుకునే మనిషి జీతం ఇందులో ఏదే?" అంది. చూస్తే నిజంగానే లేదు. అమ్మేవాడి కాగితంలోనూ లేదు, నీ లెక్కలోనూ లేదు. అది కూడా వేసి మళ్ళీ లెక్క కట్టాను. మూడు లాగిన్లు చాలని తేలింది. ఆర్డర్లు తీసుకోవడం, సెట్టు తయారైందని మెసేజ్ పంపడం దానికి వదిలేస్తాను. అచ్చు చూసి సరేననే పని మనిషిదే. అమ్మ పక్కన కూర్చుని అమ్మేవాడితో బేరం కూడా ఆడింది. ఏడాదికి కాకుండా నెల నెలా కట్టేట్టు ఒప్పించింది.

ఆ పనికి కుర్చీ వేసి అమ్మనే కూర్చోమన్నాను. "కూర్చోను" అంది.

"ఎందుకమ్మా? చిన్నదాని దగ్గర కూర్చున్నావుగా!"

"అక్కడుంటే నీకు మంట, ఇక్కడుంటే దానికి మంట. నేనేమన్నా పంచుకోవడానికి పనిముట్ల పెట్టెనా? నన్ను ఎవరు ఉంచుకోవాలని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ, నేను ఏం చెయ్యగలనో ఒక్కరైనా అడిగారా?"

నేను లెక్కల కాగితం మడిచి పెట్టేశాను.

మర్నాడు అమ్మ డాక్టరమ్మకి ఫోన్ చేసింది. నీ తరఫున క్షమాపణ చెప్పడానికట. ఆవిడ అంతా విని, "తప్పు మా క్లినిక్‌లోనూ ఉందండీ. ఆ అచ్చు చూసి వయసు చెప్పింది మీరేనా? మరి మా దగ్గరికి వచ్చి కూర్చోండి. అచ్చులు బయటికి వెళ్ళే ముందు, సెట్లు తిరిగొచ్చాక మీరు చూసి సరేనంటేనే ముందుకు కదులుతాయి" అందట. అమ్మ జీతం ఎంతో అడిగి, రెండు రెట్లు చెప్పి, మధ్యలో ఒప్పుకుంది. క్లినిక్ వెనక వీధిలో గది కూడా తీసుకుంది. పదకొండు రోజులకి నా దగ్గర్నుంచి వెళ్ళిపోయింది. సామాను నేనే మోశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఏ ల్యాబ్‌కి పని పంపాలో తేల్చేది కూడా అమ్మే. నాలుగు రోజుల కిందట నాకు మొదటి సెట్టు పని వచ్చింది. ప్రాణం పెట్టి చేశాను. ఈ పొద్దున తిప్పి పంపింది. "లోపలి అంచు గరుకుగా ఉంది. మళ్ళీ చేయగలరు" అని రాసింది. నాకే! "చేయగలరు" అట! కింద క్లినిక్ ముద్ర కూడా వేసింది.

ఏడవాలో నవ్వాలో తెలియక మళ్ళీ రుద్దడానికి కూర్చున్నాను. మధ్యలో చెయ్యి ఆపి ఇది రాస్తున్నాను.

నీకూ పంపుతోందా? ఎన్ని పంపింది? నీవి ఏవైనా ఒక్కసారికే సరేనందా?

వెంటనే రాయి.

అక్క