అవద్ కోసం హరీస్ డబ్బా

1942 ఏప్రిల్, మంగళవారం రాత్రి
శాలిబండ

జపాను విమానాలు కాకినాడ దగ్గర సముద్రంలో ఓడల మీద బాంబులు వేశాయట. పొద్దున హోటల్లో రేడియో చుట్టూ అదే మాట. మద్రాసు నుంచి సరుకుతో వస్తున్న నా ఓడ నిన్న ఆ రేవుకే చేరాలి. చేరినట్టు తంతి రాలేదు.

ఓడ నడిపే అవద్ తల్లికి నేనే చెప్పాలని బార్కస్ వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. తీరా చూస్తే, కొడుకు రాత్రి రైలుకు వస్తాడని ఆమె గోధుమలూ మాంసమూ మెత్తగా ఉడికించిన హరీస్ పొయ్యి మీంచి దించుతోంది. నేను నోరు తెరిచేలోపే గిన్నె చేతిలో పెట్టింది.

“తిను బేటా. రేడియో లొల్లి నేను గూడ విన్న. నువ్వేం చెప్పకు.”

రెండు ముద్దలు తిన్నాను. గాలివానైతే అవద్ గట్టెక్కుతాడు. పైనుంచి నిప్పు పడితే ఏం చేస్తాడు?

లేస్తుంటే టిఫిన్ డబ్బా ఇచ్చింది. “రైలు దిగి ముందుగాల నీ ఇంటికే వస్తడు కదా. ఆకలి మీదుంటడు, పెట్టు.”

నిజమే. సరుకు లెక్క నాకు అప్పజెప్పాకే ఇంటికి పోవాలన్న నియమం నేనే పెట్టాను. ఎప్పుడొచ్చినా ఆ తల్లి కంటే ముందు అతని ముఖం చూసేది నేనే.

ఈసారి లెక్క అడగను. డబ్బా చేతికిచ్చి, వచ్చిన జట్కాలోనే బార్కస్ పంపిస్తాను. వీధి తలుపు గడియ వేయొద్దని ఇంట్లో చెప్పాను.

రైలు వేళ దాటింది. ఇందాక ఒక జట్కా మా గుమ్మం ముందు ఆగినట్టే ఆగి, ముందుకు పోయింది.