సౌభాగ్య చేతిలో మామయ్యగారి ఉలి

ఏమండీ,

మద్దూరులో మా అమ్మకు జ్వరమని కబురొచ్చింది. ఏడింటి బస్సుకు వెళ్తున్నాను. రాగి ముద్దలు, చారు పొయ్యి పక్కన మూతపెట్టి ఉన్నాయి. బెంగళూరు కొట్టుకి పంపాల్సిన చెక్క గిలక్కాయల్లో పసుపు రంగువాటికి ఇంకా మొగలి ఆకుతో మెరుగు పెట్టలేదు. మీరే పెట్టండి, మీ తమ్ముడి పెళ్లాం చేత మాత్రం పెట్టించకండి. ఆ ఒక్క పనైనా నాకు మిగలనివ్వండి.

పన్నెండేళ్లలో నేనెప్పుడు మామయ్యగారి ఉలి ముట్టుకున్నా "దాని జోలికి రాకు" అన్నారు. సౌభాగ్య కాపురానికి వచ్చి ఆరు నెలలు కాలేదు, తీసి దాని చేతిలో పెట్టారు. నిన్న ఆ బెంగళూరు కొట్టు యజమానురాలు వచ్చి "ఇంత నున్నగా ఎవరు చేశారండీ?" అంటే, "మా సౌభాగ్యే!" అని పొంగిపోయారు. రంగులన్నీ నావని చెప్పడానికి మీకు నోరు రాలేదు. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మం వెనకే ఉన్నాను, అంతా విన్నాను.

ఆ యజమానురాలి కోసం సౌభాగ్య చేసిన చెక్క గుర్రాన్ని పిల్లి పడేసి విరగ్గొట్టిందన్నాను కదా. పిల్లి కాదు, నేనే. "పోనీలే అక్కా, మళ్లీ చేస్తా" అని అది నవ్వేసింది. అందుకే పొద్దున్నే లేచి, మామయ్యగారి ఉలితోనే ఒక గుర్రం చేసి బల్ల మీద పెట్టాను. ఒక కాలు పొట్టిగా వచ్చింది.

చెలువమ్మ

పిల్లి సంగతి వచ్చాక సౌభాగ్యకు నేనే చెబుతాను, మీరు నోరు జారకండి. ఆ గుర్రం ఎవరు చేశారని అడిగితే మాత్రం, కాలు పొట్టిదైనా సరే, నా పేరే చెప్పండి.