చెవి తమ్మె దగ్గర రక్తపు చుక్క

ఏవండీ,

కొల్లేట్లో మీరు ఈత నేర్పిన మన పద్మ ఇప్పుడు ఏలూరు పూల్‌లో రాష్ట్ర జట్టు పిల్లలతో ఈదుతోందండీ. మీరు అదే కొల్లేట్లో మునిగిపోయి రేపటికి ఏడేళ్లు. పిల్ల క్షేమమే, ఈవేళ జరిగింది మీకు చెప్పాలని రాస్తున్నాను.

ఈత అవగానే చెవి తమ్మెకి సూది గుచ్చి, రక్తపు చుక్క మిషన్‌లో పెడతారు. లాక్టేట్ అంట. ఒళ్లు ఎంత కష్టపడిందో ఆ అంకె చెబుతుందట. ఈవేళ మగపిల్లలకి ఎక్కువొచ్చింది, దీనికి తక్కువొచ్చింది.

"మీ అమ్మాయి బలం దాచుకుంటోందండీ. ఇంకో నాలుగు రౌండ్లు కొట్టిస్తాను" అన్నారు కోచ్ గారు.

రక్తం తీసిన డాక్టరమ్మ అడ్డుపడింది. "ఆడపిల్లలకి కండ తక్కువండీ. ప్రాణం పెట్టి ఈదినా అంకె తక్కువే రావచ్చు. మగపిల్లల లెక్కతో చూడకండి." ఆయన వినలేదు.

దాని పెదాలు అప్పటికే నల్లబడ్డాయి. మీ కూతురు కదా, చాలు అనకుండా మళ్లీ దూకింది.

మూడో రౌండులో నెమ్మదించింది. గట్టు మీంచి "పద్మా!" అని కేకేశాను. కేకేస్తే, బాగానే ఉన్నానని చెయ్యెత్తాలని మీరే కదండీ నేర్పారు. చెయ్యెత్తింది.

"చూశారా, బాగానే ఉంది. కంగారు పడకండి" అన్నారు కోచ్ గారు.

నేను చీరతోనే దూకేశానండీ.

ఆ రోజు నేను పిలిస్తే మీరూ చెయ్యెత్తారు. బాగానే ఉన్నారనుకుని, అన్నం వార్చడానికి ఇంటికెళ్లిపోయాను.