అంతస్తు లేచిన కొద్దీ దూరమవుతున్న మరుగుదొడ్డి

కార్మిక సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: భవన నిర్మాణ స్థలంలో తమ కార్యాలయం వారు పెట్టించిన మరుగుదొడ్డిని పై అంతస్తుకు చేర్పించుట, లేదా వెనక్కు తీసుకొనుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్న విద్యార్థినిని. మా అమ్మ పదకొండు అంతస్తులు లేచిన ఒక భవనంలో కూలిపని చేస్తుంది. ఆ స్థలం వెనకే రేకుల షెడ్డులో మా కాపురం. అర్జీ రాయడం నాకు ఇదే మొదలు. తప్పులుంటే మన్నించగలరు.

1. మొట్టమొదట కృతజ్ఞతలు. తమ కార్యాలయం వారు తనిఖీకి వచ్చి, ఇంతమంది ఆడవాళ్లు పనిచేసే చోట మరుగుదొడ్డి లేదా అని కంపెనీ వారిని మందలించిన ఫలితంగా గేటు పక్కన నీలం రంగు ప్లాస్టిక్ గది ఒకటి వెలిసింది. తలుపుకు గడియ ఉంది. లోపల కుళాయి ఉంది. కుళాయిలో నీళ్లు కూడా ఉన్నాయి. ఆ రోజు ఆడవాళ్లందరూ, అవసరం లేనివాళ్లతో సహా, వెళ్లి గడియ వేసి తీసి చూసి మురిసిపోయారు. అప్పటికి భవనం రెండో అంతస్తులోనే ఉంది.

2. భవనం ఆగలేదు. మరుగుదొడ్డి కదలలేదు. ఒక్కో స్లాబు పడినప్పుడల్లా అది మావాళ్లకు ఒక్కో అంతస్తు దూరమైంది. సామాను ఎక్కించే లిఫ్టులో మనుషులు ఎక్కరాదని బోర్డు ఉంది. అది న్యాయమైన బోర్డే. మెట్లకు ఇంకా పట్టుకోవడానికి ఏమీ లేదు. మా పక్క షెడ్డులో ఉండే, ఇటుకలు మోసే పెద్దమ్మ ఒకసారి దిగి, ఎక్కి, ఆయాసం తీర్చుకుని, "ఏం లాభమే! పైకొచ్చేసరికి మళ్లీ వస్తోంది" అన్నది. అందరూ పగలబడి నవ్వారు.

3. అప్పుడు ఆడవాళ్లే ఒక ఏర్పాటు చేసుకున్నారు. పని జరిగే అంతస్తులో ఒక మూల, ఖాళీ సిమెంటు సంచులు కుట్టి పరదా కట్టారు. లోపల ఒక బకెట్టు, ఒక డబ్బా. సాయంత్రం వంతులవారీగా కిందికి తెచ్చి, పారబోసి, కడిగేవారు. అది శుభ్రమైన ఏర్పాటని నేను వాదించను. కాని స్లాబు పడగానే అది కూడా వాళ్లతోపాటు పైకి వచ్చేది. సైటు ఇంజనీరు గారు చూసి పీకించారు.

"ఆఫీసు వాళ్లు చూస్తే నా ఉద్యోగం పోతుందమ్మా. కింద అంత మంచిది పెట్టించాం కదా, ఇంకా ఈ కంపెందుకు?"

"అన్నీ క్రేనుతో పైకి లాగుతున్నారు కదా బాబూ, దాన్ని కూడా లాగెయ్యండి" అన్నది పెద్దమ్మ.

"తనిఖీకి వచ్చేవాళ్లు ఇంత ఎత్తు ఎక్కుతారా పెద్దమ్మా? అది గేటు దగ్గర కనబడాలి."

"వాళ్లకు కనబడితే మాకు తీరిపోతుందా?"

ఇంజనీరు గారు కూడా నవ్వారు. ఆయన చెడ్డవారు కారు. ఇంతలో ఫోను మోగింది, వెళ్లిపోయారు. ఆ మర్నాటి నుంచి పెద్దమ్మ పనిలో నీళ్లు ముట్టడం మానేసింది. తర్వాత మిగతావాళ్లూ మానేశారు. ఒకరికొకరు చెప్పుకోలేదు కూడా.

4. ఇక మా అమ్మ. కొత్తగా పోసిన స్లాబుకు నీళ్లు పట్టడం అమ్మ పని. ఆరిపోతే కాంక్రీటు పగుళ్లిస్తుంది కనుక పొద్దస్తమానం పైపు పట్టుకుని తడుపుతూనే ఉండాలి. పైపు వదిలి కిందికి వెళ్తే మేస్త్రీ గారు, "స్లాబు ఎండిపోయాక నువ్వు ఏడిస్తే తడుస్తుందా?" అంటారు. అందుచేత అమ్మ చేతిలో రోజంతా నీళ్లు పారుతూ ఉంటాయి. అమ్మ గొంతులోకి మాత్రం ఒక్క గుక్క దిగదు.

కొన్నాళ్లుగా అమ్మకు చలిజ్వరం, మూత్రంలో మంట. ఈ మాటకు బదులు కాలకృత్యములు అని రాద్దామనుకున్నాను, గౌరవంగా ఉంటుందని. కాని కాలకృత్యములలో మంట అంటే ఎవరికీ అర్థం కాదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ మాత్రలు రాసి, "నీళ్లు బాగా తాగాలి, లేకపోతే మూత్రపిండాలు పాడైపోతాయి" అని గట్టిగా చెప్పారు. అమ్మ బుద్ధిగా తల ఊపింది. మర్నాడు పొద్దున నేను చెంబు అందిస్తే పక్కన పెట్టి, మాత్రను నీళ్లు లేకుండానే మింగింది.

"అమ్మా, డాక్టరమ్మ ఏం చెప్పారు?"

"తాగమన్నారు. తాగితే ఎక్కడికెళ్లమంటావే?"

క్లాసులో ఏ ప్రశ్న అడిగినా ముందు చెయ్యెత్తే అలవాటు నాది. ఈ ప్రశ్నను మాత్రం తమకు పంపుతున్నాను.

5. నిన్న స్లాబు అంచు దగ్గర అమ్మకు కళ్లు తిరిగాయి. అంచుకు ఇంకా గోడ లేదు. అమ్మ కొంగు పట్టుకుని పెద్దమ్మ వెనక్కు లాగింది. కొంగు చిరిగింది, అమ్మ మిగిలింది. తేరుకోగానే అమ్మ పైపు ఎక్కడ పడిందా అని వెతుక్కుంది. నీళ్లిస్తే పుక్కిలించి ఉమ్మేసింది. పని మానమని నేను అనలేను. పని మానితే షెడ్డు కూడా ఖాళీ చేయాలి.

కావున తమరు దయతలచి, సదరు నీలం గదిని స్లాబు పడినప్పుడల్లా క్రేనుతో పైకి చేర్చవలసిందిగా కంపెనీ వారిని ఆదేశించగలరు. అది వీలుకాని పక్షంలో, సిమెంటు సంచుల పరదా కట్టుకొనుటకు రాతపూర్వకంగా అనుమతి ఇప్పించగలరు. ఆ రెండూ వీలుకాని పక్షంలో, దయచేసి మరుగుదొడ్డిని తీసుకుపోండి. అది ఉన్నంతకాలం ఎవరిని అడిగినా "మీకు ఉంది కదా" అంటున్నారు. లేకపోతే, లేదనైనా చెప్పుకోవచ్చు.

పన్నెండో స్లాబుకు ఇనుము కడుతున్నారు. అది పడేలోగా తమ జవాబు అందుతుందో లేదో తెలియదు. అందకపోతే ఇంకెవరికి రాయాలో కూడా నాకు తెలియదు.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్లాబుకు నీళ్లు పట్టే ఆమె కూతురు

తా.క.: ఇదంతా చదివి వినిపిస్తే అమ్మ ముఖం దాచుకుని, "ఆ మంట సంగతి కొట్టెయ్యవే, ఆఫీసరు గారు మగాయనైతే?" అన్నది. అది కొట్టేస్తే అర్జీలో ఇంకేమీ మిగలదు. కొట్టేశానని అమ్మతో అబద్ధం చెప్పాను. కనుక తమరు వచ్చినప్పుడు అమ్మ దగ్గర ఆ మాట ఎత్తకండి. గేటు దగ్గర ఆగిపోకుండా పైదాకా రండి, సాయంత్రం వరకు ఉండండి. ఇంట్లో బయల్దేరేముందు మాత్రం రెండు చెంబుల నీళ్లు తాగి రండి.