పుచ్చిన పలకల ప్రసంగం

కనెక్టికట్, నవంబరు 1738, సోమవారం

సంఘపెద్ద బార్జిలాయ్ ప్రాట్ గారికి, మీ బోధకుడు ఎలియాకిమ్ నమస్కరించి రాయునది.

మీ కాలు ఎలా ఉంది? మంచాన ఉండి నిన్నటి నా ప్రసంగం వినలేకపోయారు. పాపి పుచ్చిన వంతెన మీద నడుస్తున్నాడనీ, కింద అగాధమనీ, ఏ అడుగుకు ఏ పలక విరుగుతుందో తెలియదనీ గంటన్నర ఉరిమాను. ఒక్క కన్ను చెమర్చలేదు! నన్ను ఉంచాలో పంపాలో వసంతంలో మీ ఊరు ఓటు వేస్తుంది. ఒక్కరినీ ఏడిపించలేని బోధకుణ్ణి ఎవరుంచుకుంటారు? మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. చంటిబిడ్డతో ఎక్కడికి పోను?

విధేయుడు, ఎలియాకిమ్

తా.క. ఏడ్చినవాడు ఒక్కడున్నాడు. కునుకుతుంటే, మందిరంలో నిద్రపోయేవాళ్ళను లేపే కర్రాయన నెత్తిన మొట్టాడు. ఆ ఘనత నాది కాదు.

*

అయ్యగారికి బార్జిలాయ్ వందనాలు.

మా ఇంటిది సబ్మిట్ ప్రసంగమంతా పొల్లుపోకుండా రాసుకొచ్చి నాకు చదివి వినిపించింది. పలక విరిగే చోట నా కాలు మళ్ళీ సలిపింది. మంగళవారం పదకొండుమంది ఓక్ పలకలు మోసుకెళ్ళి నది మీది వంతెన బాగుచేశారు. నా కాలు విరిగింది అక్కడే. మూడు ఊరి సభల్లో నెత్తీనోరూ కొట్టుకున్నా కదలనివాళ్ళు మీ ఒక్క ప్రసంగానికి కదిలారు. చాలా సంతోషం.

మీ బార్జిలాయ్

తా.క. పాత అయ్యగారు పద్దెనిమిదేళ్ళు దైవప్రేమ మీదే తేనెలా మాట్లాడారు. వంతెన హాయిగా పుచ్చిపోయింది.

*

పెద్దాయనకు నమస్కారం.

నేను చెప్పింది ఆ వంతెన కాదండీ! ఆత్మ సంగతి! ఉపమానం చెబితే మీవాళ్ళు సుత్తి తీస్తారేమిటి? ఈసారి తప్పించుకోలేరు. దేవుని కోపం మండే పొయ్యి అనీ, మీరంతా దాని నోటి ముందు పేర్చిన ఎండుకట్టెలనీ నిన్న చెప్పాను. నా మాటలకు నాకే వణుకు పుట్టింది.

ఎలియాకిమ్

తా.క. గొంతు పోయింది. ఇల్లు ప్రశాంతంగా ఉందంటోంది మా ఆవిడ.

*

అయ్యగారికి వందనాలు.

ఎండుకట్టెల దగ్గర సబ్మిట్ చదవడం ఆపేసింది. "పాపం, ఆ ఇంట్లో పొయ్యిలోకి పుల్ల లేదు కాబోలు. నిండు చూలాలు! ఈ మగాళ్ళకి నోరు తెరిచి చెప్తేగాని తెలీదా?" అంది. మనవాళ్ళు రెండు బండ్ల కట్టెలు చీల్చి మీ గుమ్మం పక్కన పేర్చారు. పొగగొట్టం కూడా దులిపారట.

మీ బార్జిలాయ్

తా.క. మందిరంలో మా బెంచీ మీద కప్పు కారుతోంది. వచ్చే ఆదివారం నోవహు ఓడ, జలప్రళయం వీలవుతుందేమో చూడండి.

*

బార్జిలాయ్ గారికి, శనివారం.

మొన్న కోపంగా జవాబు రాస్తుండగానే మా ఆవిడకు నొప్పులొచ్చాయి. మంత్రసాని ఉండేది అవతలి ఒడ్డున. నది పొంగుతోంది. ఆవిడ గుర్రమెక్కి మీ కొత్త పలకల మీదుగా వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందట. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదంది. ఆ చలిలో మీ కట్టెలు మండుతూనే ఉన్నాయి. తల్లీబిడ్డా క్షేమం.

నేను మీ కన్నీళ్ళు వెతుక్కుంటూ కూర్చున్నాను. మీరు నా ఇల్లు నిలబెట్టారు. మీ రుణం తీరేది కాదు. రేపు పొయ్యిల్లేవు, అగాధాల్లేవు. జరిగింది జరిగినట్టు చెప్పి, దేవునికీ మీకూ కృతజ్ఞత చెప్పుకుని వేదిక దిగుతాను. వసంతంలో మీరు పంపేసినా సరే.

ఎలియాకిమ్

తా.క. పాపకు థాంక్‌ఫుల్ అని పేరు పెట్టాం. కృతజ్ఞురాలని. ఆ బుద్ధి ముందు తండ్రికి ఉండాల్సింది.

*

అయ్యగారికి, తల్లికి, చిన్నారి థాంక్‌ఫుల్‌కి ఆశీస్సులు. సోమవారం.

ఆ వంతెన ఆత్మ సంగతేనని మాకు తెలియదనుకున్నారా? పుట్టినప్పటి నుంచీ ప్రసంగాలు వింటున్నాం. కాని ఊళ్ళో వంతెన కూడా పుచ్చిందిగా! పొరుగువాడు పడతాడని తెలిసీ ఊరుకున్నవాడి ఆత్మ ఏపాటిది? ఆ వారం ఎవరికీ ముద్ద దిగలేదు. భయమేస్తే మావాళ్ళకు కన్నీళ్ళు రావు, చేతులు ఊరుకోవు.

ఓటు సంగతా? పదకొండుమందీ వంతెన మీదే చేతులెత్తి వేశారు. మిగతావాళ్ళు కట్టెల బండి దగ్గర. మీకు చెప్పడం మరిచాను. మీరు ఎక్కడికీ పోవడం లేదు.

మీ బార్జిలాయ్

తా.క. నిన్నటి ప్రసంగం నాకింకా అందలేదు. సబ్మిట్ రాసుకొచ్చిన కాగితమంతా తడిసి సిరా అలుక్కుపోయింది. కప్పు కారిందా అంటే, నిన్న వానే లేదంది. ఏం చెప్పారో ఓ ముక్క రాసి పంపండి.